ఎర్ర పాచిపై ఉన్నత స్థాయి కమిటీ

సముద్రం ఒడ్డునే ఉన్న ఊళ్లో జనం సముద్రాన్ని చూడ్డానికని ప్రభుత్వం వారు ఒక గాజు తొట్టి కట్టించారు. కూతవేటు దూరంలో అసలు సముద్రం ఉంది గాని, దానికి ప్రారంభోత్సవం చేసే వీల్లేదు. ఎవరో ముందే మొదలుపెట్టేశారు. అందుకని పన్నెండు వేల లీటర్ల ఉప్పునీళ్లు పట్టే తొట్టి, దాని చుట్టూ ఒక హాలు, హాలు మీద 'సముద్ర జీవ ప్రదర్శన సంస్థ' అని ఒక బోర్డు, ఆ బోర్డు కింద ఒక డైరెక్టరు గారు వెలిశారు. తొట్టికి నాలుగు వైపులా గాజు మీద శాఖామంత్రిగారి నవ్వు మొహాన్ని స్టిక్కరుగా అంటించారు. చేపలు ఆయన చెవిలోంచి దూరి ముక్కులోంచి బయటికి వస్తున్నట్టు కనపడేవి. చూడొచ్చిన పిల్లలకు అన్నిటికంటే అదే బాగా నచ్చేది.

ఆ తొట్టిని కనిపెట్టుకుని ఉండే మనిషి చోడిపల్లి నూకరత్నం. జాలరిపేట మనిషి, యాభై దాటాయి. హోదా అటెండరు. నీటి చుక్క నాలిక మీద వేసుకుని ఉప్పు ఎక్కువైందో తక్కువైందో చెప్పేస్తుంది. ఉప్పు కొలిచే మిషను కూడా సంస్థకు ఉంది. దాని సీలు విప్పే అధికారం ఎవరిదో తేలక అది ఆరేళ్లుగా స్టోరు గదిలో కొత్తగానే ఉంది.

తొట్టిలో ముప్ఫై ఒక్క చేపలుండేవి. వాటిలో రాళ్లను పళ్లతో గీక్కుతినే ఒక నీలం రంగు చిలక చేపంటే నూకరత్నానికి ప్రాణం. తమ్ముడు పోలయ్య వలలో పడినప్పుడు అది అరచేతిలో పట్టేంత ఉండేది. ఇప్పుడు మోచెయ్యంత అయింది. ఆవిడ దానికి నీలయ్య అని పేరు పెట్టుకుంది. పొద్దున్నే ఆవిడ గాజుల చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నా పైకొచ్చేవాడు. ఇంట్లో మొగుడితో చెప్పని మాటలు కూడా ఆవిడ నీలయ్యతో చెప్పుకునేది. వాడు ఎదురు చెప్పడు, మధ్యలో అన్నం పెట్టమనడు.

అంతా బాగానే ఉండేది, సత్కారం సర్క్యులరు వచ్చేదాకా. మన సంస్కృతిలో ఇంటికి వచ్చినవాళ్లకి మనం పెడతాం కదా, అలాగే తొట్టి చూడ్డానికి వచ్చిన పెద్దలు చేపలకి పెట్టాలని పైన ఎవరికో తోచింది. తోచిందే తడవుగా ఉత్తర్వులు వెలువడ్డాయి. 'ప్రతి అధికారిక సందర్శన స్వహస్త ఆహార ప్రదానముతో ప్రారంభము కావలెను' అన్నది మొదటి పేరా. రెండో పేరాలో కొలతలు. గెజిటెడ్ కాని అధికారికి చిటికెడు, గెజిటెడ్ అధికారికి గుప్పెడు, శాఖాధిపతికి రెండు దోసిళ్లు, మంత్రిగారికి వెండి పళ్లెం నిండా. ఎండురొయ్యల పొడి, సన్నగా తరిగిన చేప ముక్కలు. కొలత తగ్గితే హోదాకు భంగం. రోజూ మేత వేసే నూకరత్నం పేరు మాత్రం ఆ పట్టికలో ఎక్కడా లేదు.

మంత్రిగారు పళ్లెం బోర్లించి వెళ్లిన వారానికి తొట్టి అడుగున తెల్లటి ఇసుక మీద రూపాయి బిళ్లంత ఎర్ర మరక కనిపించింది. మర్నాటికి అది చేటంత అయింది. చూడ్డానికి వెల్వెట్ గుడ్డలా ఉంటుంది, వేలితో తాకితే జిగురు. నూకరత్నం చూడగానే గుర్తుపట్టి సూపరింటెండెంట్ సన్యాసిరావు దగ్గరికి పరిగెత్తింది.

"బాబూ, తొట్టికి ఎర్ర పాచి వొచ్చీసింది. తినగా మిగిలిన మేత అడుగున కుళ్లితే వొస్తాది. నాల్రోజులు మేత తగ్గించీసి, ఆ లైట్లు ఆర్పీసి, పంపు గట్టిగా తిప్పితే పోతాది. ట్యూబు పెట్టి పాచి పీల్చీసి, కొత్త సముద్రం నీళ్లు పోద్దారి."

సన్యాసిరావు మంచివాడే. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క తప్పు చేయలేదు. ఏమీ చేయకపోవడం వల్ల అది సాధ్యమైంది.

"ఏటమ్మా నువ్వు చెప్తావు? నాలుగో తరగతి ఉద్యోగి సలహా ఇస్తే ఫైల్లో పెట్టడానికి కాలమ్ లేదు. ఫిర్యాదు అయితే పెట్టొచ్చు. పాచి మీద ఫిర్యాదు రాయించనా?"

రాయించాడు. దాంతో పాచి అధికారికంగా పుట్టింది.

డైరెక్టరు గారి పేరు డాక్టర్ కొచ్చెర్లకోట కామేశ్వర్రావు. డాక్టరేటు కొబ్బరిపీచు మార్కెటింగులో. కొబ్బరిచెట్లు సముద్రం పక్కనే ఉంటాయి గనక ఈ పోస్టుకు ఆయనే తగినవారని తేల్చారు. ఆయన ఫిర్యాదు చదివి, తొట్టి ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశారు.

"దీన్ని పాచి అనడం బాగాలేదు. పాచి అంటే మనం కడగలేదన్నట్టుంటుంది. 'అవాంఛిత అరుణ వృద్ధి' అని రాయండి. అరుణ వృద్ధి మూలాలపై క్షేత్రస్థాయి అధ్యయనానికి ఐదుగురితో కమిటీ వేస్తున్నాం. యుద్ధప్రాతిపదికన."

యుద్ధప్రాతిపదికన పదకొండు రోజుల తర్వాత కమిటీ వచ్చింది. ఐదుగురూ గెజిటెడ్ అధికారులే. సర్క్యులరు ప్రకారం ముందు ఐదు గుప్పెళ్లు పడ్డాయి. ఫోటో సరిగ్గా రాలేదని ఇంకో ఐదు పడ్డాయి. తర్వాత డైరెక్టరు గారు స్వాగతోపన్యాసం మొదలుపెట్టారు. తొట్టిలో నీటిని కదిలించే పంపు గుర్రుమంటూ ఉపన్యాసానికి అడ్డొస్తోందని దాన్ని ఆపేశారు. నీళ్లు బాగా కనపడాలని నాలుగు ఫ్లడ్‌లైట్లు వెలిగించారు. మేత ఎక్కువ, వెలుగు ఎక్కువ, నీటి కదలిక సున్నా. పాచి కోరుకునేవి మూడే మూడు. కమిటీ మూడూ సమకూర్చి భోజనానికి వెళ్లింది.

మూడో రోజుకి ఇసుక పూర్తిగా ఎర్రబడింది. సమస్య తీవ్రత పెరిగింది గనక కమిటీ స్థాయి కూడా పెంచాల్సి వచ్చింది. ఈసారి శాఖాధిపతులు వచ్చారు, మనిషికి రెండేసి దోసిళ్లు. పాచి రాళ్లెక్కింది. ఉన్నత స్థాయి కమిటీని అత్యున్నత స్థాయి కమిటీ చేశారు. దోసిళ్లు తట్టలయ్యాయి. పాచి గాజెక్కి మంత్రిగారి గడ్డం దాకా వచ్చింది.

"బాబూ, మీకు దండం పెడతాను, వొచ్చినోళ్లు మేత వేయకుండా చూసి ఎల్లిపొమ్మనండి" అని నూకరత్నం ఒకసారి నేరుగా డైరెక్టరు గారినే అడిగేసింది.

ఆయనకు కోపం రాలేదు. జాలి వేసింది. "చూడమ్మా, పాచిని అధ్యయనం చేయడానికి కమిటీ రావాలా వద్దా? వస్తే అది అధికారిక సందర్శనా కాదా? అధికారిక సందర్శన అయితే ప్రదానం తప్పుతుందా? సమస్య సమస్యే, మర్యాద మర్యాదే. రెంటినీ కలపకూడదు."

తొట్టిలో అవి కలిసే ఉన్నాయని ఆవిడకు తెలుసు. కాని అది చెప్పడానికి కాలమ్ లేదు.

తర్వాత పాచి నిర్మూలన పక్షోత్సవాలు ప్రకటించారు. మొదటి రోజు ప్రతిజ్ఞ. సిబ్బంది అంతా తొట్టి వైపు చెయ్యి చాపి, అరుణ వృద్ధిని సమూలంగా నిర్మూలిస్తామని ముక్తకంఠంతో అన్నారు. పాచి విన్నట్టు లేదు. రెండో రోజు ర్యాలీ, మూడో రోజు ముగ్గుల పోటీ. ప్రతి రోజూ ఒక ముఖ్య అతిథి, ప్రతి అతిథికీ హోదా కొద్దీ మేత. ఉత్సవ శోభ కోసం ఫ్లడ్‌లైట్లు రాత్రింబవళ్లు వెలిగాయి. వక్తలు ఎక్కువమంది ఉండటంతో పంపును ఏకంగా పదిహేను రోజులకు ఆపి ఉంచాలని ఆర్డరు వేశారు. పొద్దుటే అందరికంటే ముందొచ్చి నూకరత్నం ఒక గంట దొంగతనంగా పంపు వేసేది. తన కళ్లముందే ప్రాణాలు పోతుంటే ఒక స్విచ్చి వేయడానికి దొంగలా నక్కాల్సి వచ్చినందుకు ఆవిడకు ఒళ్లు మండిపోయేది.

ఐదో రోజు నాలుగు పసుపు చేపలు తేలాయి. వెంటనే సంతాప సభ పెట్టారు. రెండు నిమిషాలు మౌనం పాటించారు. పంపు ఆగి ఉండటంతో మౌనం చాలా బాగా కుదిరిందని అందరూ మెచ్చుకున్నారు. సంతాప సభ కూడా అధికారిక సందర్శనే గనక, మృతుల ఆత్మశాంతికి మిగిలిన చేపలకి గుప్పెడేసి మేత వేశారు. పదో రోజుకి మొత్తం పధ్నాలుగు పోయాయి. సంతాపాలు విడివిడిగా పెడితే ఇబ్బందిగా ఉందని వారానికొక ఉమ్మడి సంతాపం పెట్టుకున్నారు.

నీలయ్య తినడం మానేశాడు. నీళ్ల పైకొచ్చి నోరు తెరుచుకుని రొప్పుతున్నాడు. రెక్కల అంచులు చీలికలయ్యాయి. నూకరత్నం చెయ్యి నీళ్లలో పెడితే వచ్చి వేళ్లకి ఆనుకుని అలా ఉండిపోయేవాడు. "ఓర్సుకోరా నాయినా, నాల్రోజులు ఓర్సుకో" అనేది. నాలుగు రోజుల తర్వాత ఏం జరుగుతుందో ఆవిడకూ తెలీదు. మాటలు చెబుతున్నందుకు సిగ్గేసేది.

ఆ సమయంలోనే నిపుణుల ఉపసంఘం నివేదిక వచ్చింది. ఆశ్చర్యం ఏమిటంటే అందులో కారణం సరిగ్గా రాశారు. తినగా మిగిలిన మేత వల్లే పాచి వస్తోందట. దాన్ని ఆధారం చేసుకుని నూకరత్నానికి మెమో ఇచ్చారు. సన్యాసిరావు గొంతు సవరించుకుని చదివి వినిపించాడు.

"'గౌరవ అతిథులు స్వహస్తములతో సమర్పించిన ఆహారమును సదరు చేపలు పూర్తిగా భుజింపక అడుగున విడిచిపెట్టుట వలననే అరుణ వృద్ధి సంభవించినదని తేలినది. చేపలచే భుజింపజేయుటలో విఫలమైన మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను.' ఏటి రాయమంటావమ్మా జవాబు?"

"సేపకి పొట్టే ఉంటాది బాబూ, గోడౌను ఉండదు. అదే రాయండి."

సన్యాసిరావు పెన్ను తీసి, 'మత్స్య ఉదర సామర్థ్యము పరిమితమైనదని సవినయముగా మనవి' అని రాశాడు. దాని మీద డైరెక్టరు గారు 'పరిమితి పెంచు మార్గములు పరిశీలించుడు' అని ఎర్ర సిరాతో రాసి వెనక్కి పంపారు.

పక్షోత్సవాల ముగింపు సభ సోమవారం. మంత్రిగారు స్వయంగా వస్తున్నారు, వెంట పదిహేడుమంది శాఖాధిపతులు. ఒక పళ్లెం, ముప్ఫై నాలుగు దోసిళ్లు. శనివారం పొద్దున్న ఆ జాబితా నూకరత్నం కంట పడింది. ఇంత మేత ఇంకొక్కసారి పడితే నీళ్లు కుళ్లిపోతాయి. నీలయ్య మంగళవారం చూడడు. స్టోరు గదిలో బస్తాల మధ్య కూచుని ఏడ్చింది.

మధ్యాహ్నం రెండింటికి దేశంలో ఎన్నికలు ప్రకటించారు. మూడింటికల్లా తాసిల్దారు గారు, ఇద్దరు కానిస్టేబుళ్లు, ఒక వీడియో కెమెరా, రెండు తానుల నల్ల గుడ్డ హాల్లోకి వచ్చాయి. ఎన్నికల నియమావళి అమల్లోకి వచ్చింది. మంత్రుల ఫోటోలు ఎక్కడా కనపడకూడదు.

"ఈ స్టిక్కర్లు ఏంటి? పీకెయ్యండి" అన్నారు తాసిల్దారు గారు.

"పీకడానికి వీల్లేదండి. స్టాకు రిజిస్టర్లో తొట్టి, స్టిక్కరు కలిపి ఒకే వస్తువుగా ఎక్కించారు" అన్నాడు సన్యాసిరావు.

"అయితే ఆ వస్తువు మొత్తం కప్పెయ్యండి."

కప్పేశారు. నాలుగు వైపులా, పైన కూడా, రెండు మడతలు. తాళ్లు కట్టి లక్క సీళ్లు వేశారు. ప్రభుత్వ ప్రచారానికి వాడే దీపాలు కూడా నిషిద్ధమే గనక ఫ్లడ్‌లైట్లు ఆర్పించారు. ఉపన్యాసాలు రద్దు. ముగింపు సభ రద్దు. ఎన్నికల సామాను పెట్టుకోడానికి ఆ హాలే కావాలన్నారు తాసిల్దారు గారు. ఈ హడావుడికి డైరెక్టరు గారు గదిలోంచి పరిగెత్తుకొచ్చారు.

"అయ్యా, మరి స్వహస్త ఆహార ప్రదానం?"

తాసిల్దారు గారు తలెత్తి చూశారు. "ఆహార ప్రదానమా? కోడ్ ఉండగా ఎవరికీ ఏదీ పంచడానికి వీల్లేదు. కేసవుతుంది."

"చేపలకండీ! చేపలకి ఓటు లేదు కదా!"

"లేదని ధ్రువపత్రం ఉందా?"

లేదు. నూకరత్నం సంతోషం మొహంలో కనపడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది. మూడు నెలలుగా ఆవిడ కాళ్లావేళ్లా పడి అడిగినవన్నీ, చీకటి, పస్తు, కదిలే నీళ్లు, ఇవాళ పావుగంటలో పోలీసు కాపలాతో సహా వచ్చి పడ్డాయి.

"బాబూ, ఎనకాల ఒక మూల విప్పి ఉంచండి. నీళ్లు మార్సాలి. లేకపోతే కంపు కొడతాది, ఎలక్షను సామాను పెట్టుకోడానికి ఈ హాలే కదా మీరడుగుతున్నారు" అంది తాసిల్దారుతో.

"పారిశుద్ధ్యం అత్యవసర సేవ. అభ్యంతరం లేదు" అన్నారాయన. అదీ రాసిచ్చారు.

ఆవిడ పంపు వేసింది. మూడు రోజులు గుడ్డ కదపలేదు, చిటికెడు మేత వేయలేదు. నాలుగో రోజు పొద్దున్న వెనక మూలనుంచి ట్యూబు లోపలికి దింపి నోటితో పీల్చి వదిలింది. వెలుగు లేక చచ్చిన ఎర్ర పాచి తొక్కలు తొక్కలుగా ఊడి బకెట్లలో పడింది. పోలయ్య బోటు మీద లోతునుంచి తెచ్చిన శుభ్రమైన సముద్రం నీళ్లు డ్రమ్ముల్తో పోసింది. ఇలా రోజు విడిచి రోజు రెండు వారాలు. నడుం పడిపోయింది. రెండు వారాలయ్యాక గుడ్డ కొస ఎత్తి చూస్తే ఇసుక తెల్లగా ఉంది. లోపల రాతిని గీకుతున్న చప్పుడు, కరకర. నీలయ్య పళ్లు. ఆవిడ గాజుకి నుదురు ఆనించింది. తర్వాత కొంగు ముడి విప్పి ఒక్క చిటికెడు రొయ్యపొడి వేసింది. నియమావళి ప్రకారం అది నేరం.

ఓట్లు లెక్కించారు. ప్రభుత్వం మారింది, మంత్రి మారారు. డైరెక్టరు గారు మారలేదు. సీళ్లు విప్పిన రోజు తెల్లటి ఇసుక, తళతళలాడే పదిహేడు చేపలు చూసి ఆయన కళ్లు చెమర్చాయి. 'వివిధ స్థాయుల కమిటీల నిర్విరామ కృషి ఫలితముగా అరుణ వృద్ధి సమూలముగా నిర్మూలించబడినది' అని ఆ సాయంత్రమే నివేదిక పంపారు. పై నుంచి అభినందనలు వచ్చాయి, వాటితో పాటు కార్యక్రమమూ వచ్చింది. కొత్త మంత్రిగారి చేతుల మీదుగా విజయోత్సవం, వచ్చే బుధవారం. గత ప్రభుత్వం ఒక్క పళ్లెంతో చేపల నోట మట్టి కొట్టిందని, తాము రెండు పళ్లేలు వేస్తామని మంత్రిగారు పేపర్లకి కూడా చెప్పేశారు. పాత మొహాలు గీకించడానికీ, కొత్తవి అంటించడానికీ మనుషులొచ్చారు. ఫ్లడ్‌లైట్లు ఎనిమిది చేశారు. పంపు ఆపమన్నారు.

నూకరత్నం ఈసారి ఎవర్నీ బతిమాలలేదు. ఆ రాత్రి నిద్రపోలేదు, అంతే. బుధవారం తెల్లవారుజామున బోట్లు వేటకి దిగే వేళకి పోలయ్యని పిలిపించి, మూతల డ్రమ్ముల్లో పదిహేడు చేపల్నీ బోటెక్కించింది. ఉద్యోగం పోతుందని తెలుసు. పోలీసులొస్తారేమోనని కూడా భయపడింది. చెప్పాల్సిన జవాబు దారి పొడుగునా గొణుక్కుంది. ఏనాడో నీలయ్య దొరికిన రాళ్ల దగ్గర బోటు ఆపించి, ఒక్కొక్కదాన్నే వదిలింది. చిన్నవి వెంటనే మాయమయ్యాయి. నీలయ్య మాత్రం పోలేదు. ఆవిడ చేతి చుట్టూ తిరిగాడు. వెళ్లరా అంటే మళ్లీ వేళ్లకి ఆనుకున్నాడు.

"ఎల్లరా నాయినా. ఇక్కడ నిన్నెవులూ సత్కారం సెయ్యరు. ఎల్లు."

ఒక అల వచ్చి బోటుని పక్కకి తోసింది. మళ్లీ చూస్తే వాడు లేడు. నూకరత్నం బోటులో కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. పోలయ్య అటు తిరిగి కూచున్నాడు.

పదింటికి మంత్రిగారొచ్చారు. రెండు పళ్లేలూ ఖాళీ తొట్టిలో వొంచారు. ముప్ఫై కెమెరాలు మెరిశాయి, హాలంతా చప్పట్లు. ఆయన వొంగి చూసి, "ఏవయ్యా, చేపలు కనపడవేం?" అన్నారు.

"సిగ్గుపడుతున్నాయండి. తమర్ని చూడ్డం మొదటిసారి కదా" అన్నారు డైరెక్టరు గారు.

మంత్రిగారు సంతోషించారు. తన ఉపన్యాసంలో చేపల వినయం గురించి ప్రత్యేకంగా చెప్పి, మనుషులు కూడా నేర్చుకోవాలన్నారు.

అందరూ వెళ్లాక డైరెక్టరు గారు నూకరత్నాన్ని గదిలోకి పిలిచారు. సన్యాసిరావు గుమ్మంలో నిలబడ్డాడు. ఆవిడ చేతులు కట్టుకోలేదు.

"చేపలేవమ్మా?"

"సముద్రంలో వొదిలీసాను బాబూ. నానే. ఎవులూ సెప్పలేదు. ఇక్కడుంటే సచ్చిపోతాయి. ఏం సేసుకుంటారో సేసుకోండి."

డైరెక్టరు గారు స్టాకు రిజిస్టరు తెప్పించి, పేజీ తిప్పి, వేలు పెట్టి చదివారు. మొహం తేటపడింది.

"పదిహేడు అని ఉంది. కింద నా సంతకం ఉంది. మరి లేవంటావేం?"

"నేవు బాబూ. తొట్టి ఖాళీ."

"రిజిస్టర్లో ఉన్నవాటిని లేవనే అధికారం నీకు లేదమ్మా. ఉన్నట్టే. నిజం చెప్పాలంటే ఇప్పుడే బాగుంది. చావులుండవు, సంతాపాలుండవు. శుక్రవారం ఢిల్లీ నుంచి బృందం వస్తోంది, మేత సిద్ధం చెయ్యి."

నూకరత్నానికి ఒంట్లో రక్తం అంతా మొహంలోకొచ్చింది. ఉద్యోగం తీసేస్తారనీ, జైల్లో పెడతారనీ తెల్లవారుజాము నుంచి గుండె చిక్కబట్టుకుని ఉంది. ఆ జీవాలు బతికినా చచ్చినా వీళ్లకి పట్టదని ఇన్నాళ్లూ అనుకుంది. ఉన్నా లేకపోయినా కూడా పట్టదని ఇప్పుడు తెలిసింది. హాలు తాళాలు తీసి రిజిస్టరు మీద పెట్టింది.

"నాను రేపట్నించి రాను బాబూ."

"రాకపోవడం ఏమిటి? హాజరు పట్టీలో నీ పేరుంది!"

"ఉండనీండి. నీలయ్యా ఉన్నాడు కదేటి మీ పుస్తకంలో. ఆడు ఎల్లిపోనేదా?"

సన్యాసిరావు గుమ్మంలోంచి పక్కకి తప్పుకుని ఆవిడకి దారిచ్చాడు.